కలిగేది, చేసేది

ప్రతి సంవత్సరం ఈ వార్షిక సంచికకు మేము సాహిత్య విషయంపైనో, విద్యా విషయంపైనో వ్రాస్తూ వచ్చాము. ఈసారి కమిటీవారు వ్యాసం కోరినప్పుడు మా మనస్సు వేరొక విషయంపైకి పోయింది. పెద్దలు సభలో ప్రస్తావించడానికి సంకోచించే విషయమది. వసతి గృహాలలోనూ, క్యాంటీనులోనూ మాత్రం పరిహాసంగా నిత్యం వినవచ్చేదే. పురుషునికి పురుషునిపై, స్త్రీకి స్త్రీపై కలిగే అనురాగం ఆ వ్యక్తి ఎన్నుకొన్నదా, లేక ఎన్నుకోకుండానే కలిగినదా? మతం దీనికి ఏమని సమాధానం చెబుతున్నది? ఈ ప్రశ్నను మేము వెదకి తెచ్చుకోలేదు. ఒక విద్యార్థి మా ముందు ఉంచి వెళ్ళాడు.

సుమారు పది సంవత్సరాల క్రితం మాట. మేము ఎం.ఏ. ముగించి, కృష్ణా డెల్టాలోని ఒక పట్టణంలో అధ్యాపకులుగా చేరిన తొలి రోజులవి. మా తరగతిలో ఒక యువకుడు ఉండేవాడు. నమాజు తప్పనివాడు, ఉర్దూ, తెలుగు రెండింటిలోనూ చక్కని దస్తూరి గలవాడు, వ్యాసరచన పోటీలలో బహుమతులు పొందినవాడు. ఒక సాయంత్రం తరగతులు ముగిసిన తరువాత వరండాలో మమ్మల్ని ఆపి, చాలాసేపు తటపటాయించి, “సార్, మనిషి తనకు ఎవరిమీద ప్రేమ కలగాలో తానే నిర్ణయించుకుంటాడా? నేను నిర్ణయించుకోలేదు సార్. ఇది పోవాలని అయిదేళ్ళుగా దుఆ చేస్తున్నాను. పోలేదు. మరి రేపు అల్లాహ్ నన్ను దీని గురించి అడుగుతాడా?” అన్నాడు.

మాకు విషయం అర్థమయింది. అర్థమైన వెంటనే భయం కూడా కలిగింది. “ఇటువంటి ఆలోచనలు మానుకో. ఇదంతా నీ చేతిలోనే ఉన్నది. పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయి” అని చెప్పి పంపివేశాము. అతని ఇంటివారూ అదే అనుకున్నారు. డిగ్రీ పూర్తికాగానే గుడివాడ వైపు పల్లె నుండి ఒక అమ్మాయిని చూసి నికాహ్ జరిపించారు. వలీమాకు మేమూ వెళ్ళాము. భోజనం చేసి, దుఆ చేసి వచ్చాము. రెండు సంవత్సరాలు తిరగకముందే ఆ అమ్మాయి పుట్టింటికి చేరింది. తాను చేసిన లోపమేమిటో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ యువకుడు ఊరు విడిచిపెట్టాడు. ఒక రంజాన్ మాసంలో అతని తల్లి మా ఇంటికి వచ్చి, “మావాడు మీకేమైనా ఫోన్ చేశాడా సార్?” అని అడిగింది. ఆమెకు చెప్పడానికి మా వద్ద ఏమీ లేకపోయింది.

మేము ఆనాడు చెప్పిన సమాధానం తప్పు. ఆ తప్పు ఎక్కడ ఉన్నదో తెలుసుకొనడానికి మాకు చాలా కాలం పట్టింది. మొదట అది భాషలోనే కనిపించింది.

తెలుగులో “నీ ఇష్టం” అంటే నీ నిర్ణయమని అర్థం. “నాకు ఇష్టం” అంటే నాకు ప్రీతి అని అర్థం. ఒకే మాట రెండు పనులు చేస్తున్నది. కనుకనే, ఒకరికి ఒకరిపై ఇష్టం కలిగిందని వినగానే, అతడు దానిని తన ఇష్టప్రకారం తెచ్చుకొన్నాడని అనుకుంటాము. కాని మన వ్యాకరణం మనకంటె జాగ్రత్తగా ఉన్నది. నాకు ఆకలి వేసింది, నాకు జాలి కలిగింది, నాకు కోపం వచ్చింది అంటాము. ఇక్కడ “నాకు” అన్నది షష్ఠి. నేను తిన్నాను, నేను ఇచ్చాను, నేను కొట్టాను అన్నప్పుడు “నేను” ప్రథమా విభక్తిలో కర్తగా నిలుస్తాడు. మనకు కలిగేది వేరు, మనం చేసేది వేరు. ఉర్దూలోనూ ఇదే భేదం ఉన్నది. “ముఝే భూక్ లగీ” అన్నవాడే “మైనే ఖానా ఖాయా” అంటాడు.

ఈ భేదం మనం వాడే పేర్లలో మాత్రం నశించింది. తెలుగు పత్రికలు ఇటువంటి వారిని సాధారణంగా “స్వలింగ సంపర్కులు” అంటాయి. సంపర్కం ఒక చేష్ట. ఎవరినీ తాకనైనా తాకని పద్దెనిమిదేళ్ళ కుర్రవానికి సైతం ఆ చేష్ట పేరే అంటగట్టబడుతున్నది. ఉర్దూలో వాడే “హమ్‌జిన్స్ పరస్తీ”లోని “పరస్తీ” అనే మాటకు పూజ, ఆరాధన అని అర్థం. అది అభియోగాన్ని ఇంకొక మెట్టు పైకెక్కించింది. కలిగిన భావానికి మర్యాదగల ఒక పేరు మన రెండు భాషలలోనూ ప్రచారంలోకి రాలేదు. పేరు లేనిదానిని గురించి సరిగా విచారించడం కష్టం. ఈ వ్యాసంలో మేము భావాన్ని “స్వలింగానురాగం” అనే పిలుస్తాము.

ఇక ధర్మశాస్త్రం సంగతి. లూత్ ప్రవక్త (అ) జాతి వృత్తాంతం దివ్య ఖుర్‌ఆన్‌లో అల్ ఆరాఫ్, హూద్, అష్ షుఅరా, అన్ నమల్, అల్ అన్‌కబూత్ మొదలైన సూరాలలో వచ్చింది. ఆ జాతి చేసిన పనులు అక్కడ నిందించబడ్డాయి. దీని ఆధారంగా నాలుగు సున్నీ మజ్‌హబ్‌ల ధర్మవేత్తలూ పురుషుల మధ్య సంపర్కాన్ని నిషిద్ధమనే నిర్ణయించారు. శిక్ష విషయంలో వారికి ఏకాభిప్రాయం లేదు. మనలో అధికులు అనుసరించే హనఫీ మజ్‌హబ్‌కు మూలపురుషుడైన ఇమామ్ అబూ హనీఫా (మరణం 767) దీనికి నిర్దిష్టమైన “హద్” శిక్ష లేదని, న్యాయాధికారి వివేకానికి వదలిన “తఅజీర్” మాత్రమే ఉన్నదని అభిప్రాయపడగా, ఆయన శిష్యులైన అబూ యూసుఫ్, ముహమ్మద్ అష్ షైబానీలు దీనిని వ్యభిచారంతో సమానంగా పరిగణించారు. మన కాలంలో స్కాట్ కూగల్ వంటి పండితులు 2010లో వెలువడిన గ్రంథంలో, ఆ వృత్తాంతంలోని నింద అతిథులపై బలాత్కారానికీ, దౌర్జన్యానికీ సంబంధించినదని వాదించారు. ఉలమాలలో అధిక సంఖ్యాకులు ఆ వాదాన్ని అంగీకరించలేదు. ఆ వివాదాన్ని తీర్చే యోగ్యత మాకు లేదు. ఈ వ్యాసం ఉద్దేశమూ అది కాదు.

గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. ఈ చర్చ అంతా చేష్టను గురించినది. భావాన్ని గురించి పూర్వ పండితులు వేరుగా మాట్లాడారు. మనస్సులో మెదిలినది మాటగానో, చేతగానో పరిణమించనంతవరకు దానికి లెక్క లేదనే భావంగల హదీసు బుఖారీ, ముస్లిం సంకలనాలు రెండింటిలోనూ ఉన్నది. స్పెయిన్ దేశపు ధర్మవేత్త ఇబ్న్ హజ్మ్ (మరణం 1064) చేష్టను కఠినంగా నిషేధించినవాడే; అయినా ప్రేమను గురించి వ్రాసిన గ్రంథంలో, హృదయాలు దైవాధీనాలు కనుక ప్రేమ శాస్త్ర నిషిద్ధం కాదని అంగీకరించాడు. డమాస్కస్‌కు చెందిన ఇమామ్ నవవీ (మరణం 1277) ముస్లిం హదీసులకు వ్రాసిన వ్యాఖ్యానంలో, స్త్రీల నడవడి గల పురుషులను గురించి చెబుతూ వారిని రెండు తెగలుగా విభజించాడు. పుట్టుకతోనే అటువంటి స్వభావం కలవాడు ఒకడు. అతనిపై నింద లేదు, దోషం లేదు, అది అతడు కల్పించుకొన్నది కాదు గనుక. బుద్ధిపూర్వకంగా దానిని అనుకరించేవాడు రెండవవాడు. నింద అతనికే వర్తిస్తుంది. నవవీ చెప్పినది నడవడిని గురించి. అనురాగాన్ని గురించి కాదు. కాని ఆయన పాటించిన సూత్రం మన ప్రశ్నకూ సరిపోతుంది. ఎన్నుకోనిదానికి మనిషిని నిలదీయరాదన్నదే ఆ సూత్రం. ఏడు వందల సంవత్సరాలకు పూర్వమే ఒక ఇమామ్ చూపిన ఈ వివేకం, మేము ఆ వరండాలో చూపలేకపోయాము.

ఇతర మతాలవారూ ఈ ప్రశ్నతో పెనుగులాడినవారే. గుణదల మేరీమాత ఉత్సవాలకు మతభేదం లేకుండా జనం వెళ్ళే ఊరు మనది. కథోలిక సంఘం 1992లో ప్రకటించిన ధర్మోపదేశ గ్రంథం, ఇటువంటి వారు తమ స్థితిని ఎన్నుకోలేదని స్పష్టంగానే చెప్పింది. 1997లో సవరించిన ప్రతిలో ఆ వాక్యం తొలగించబడి, ఆ ప్రవృత్తి అక్రమమైనదని చేర్చబడింది. అయితే వారిని గౌరవంతో, కరుణతో ఆదరించాలనీ, అన్యాయమైన వివక్ష చూపరాదనీ చెప్పిన భాగం రెండు ప్రతులలోనూ ఉన్నది. ఇక సంస్కృతంలో వాత్స్యాయనుడు కామసూత్రాలలో “తృతీయా ప్రకృతి” అనే మాట వాడాడు. మంచి చెడుల తీర్పు అటుంచి, వారిని ఆయన ప్రకృతిలోనే లెక్కించాడు. 1860లో ఆంగ్ల ప్రభుత్వం చేసిన శిక్షాస్మృతి 377వ సెక్షను దీనినే ప్రకృతి విరుద్ధమన్నది. పడమటి నుండి వచ్చిన వికారమని మనవారు దీనిని తరచుగా నిందిస్తారు. పడమటి నుండి వచ్చినది ఆ చట్టం. ఆ అనురాగం అంతకు ముందే ఇక్కడ ఉన్నది.

ఆ చట్టం చరిత్రలో మతసంస్థల పాత్రను కూడా దాచకుండా చెప్పుకోవాలి. 2009 జులై 2న ఢిల్లీ హైకోర్టు, వయోజనులు పరస్పర సమ్మతితో ఏకాంతంలో జరిపే చర్య నేరం కాదని తీర్పు ఇచ్చింది. దానిపై సుప్రీంకోర్టుకు వెళ్ళినవారిలో అఖిల భారత ముస్లిం పర్సనల్ లా బోర్డు, ఉత్కళ క్రైస్తవ మండలి వంటి సంస్థలు ఉన్నాయి. ఎన్నో విషయాలలో ఒక్క మాటపైకి రాని మతాలవారు దీనిలో ఏకమయ్యారు. 2013 డిసెంబరు 11న హైకోర్టు తీర్పు రద్దయింది. 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా ఆ నేరాన్ని తొలగించింది. లైంగిక ప్రవృత్తి స్వభావసిద్ధమైనదన్న అంశం ఆ తీర్పులో ముఖ్యమైనది. 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 377వ సెక్షను లేనే లేదు. వివాహం సంగతి వేరు. హైదరాబాదులో నివసించే ఇరువురు యువకులు ప్రధాన వాదులుగా నడిచిన వ్యాజ్యంలో, జమీయత్ ఉలమాయె హింద్ వంటి సంస్థలు వ్యతిరేకించగా, 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు అటువంటి వివాహాన్ని ప్రాథమిక హక్కుగా గుర్తించడానికి నిరాకరించింది. నికాహ్ నిర్వచనాన్ని కాపాడుకొనడం ధర్మవేత్తల అధికారమే. కాని ఒక చేష్ట నిషిద్ధమని బోధించడం ఒకటి, ఆ భావం కలిగిన మనిషిని చెరసాలకు పంపమని కోరడం మరొకటి. మన సంస్థలు 2009 తరువాత ఈ రెండింటినీ కలిపివేశాయని మా అభిప్రాయం.

ఇప్పుడు వైద్యశాస్త్రం. అమెరికా మనోవైద్య సంఘం 1973లోనే దీనిని వ్యాధుల పట్టిక నుండి తొలగించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో అదే చేసింది. మన దేశపు మనోవైద్యుల సంఘం 2018లో ఇది వ్యాధి కాదని ప్రకటించింది. కారణమేమిటన్నది ఇంకా పూర్తిగా తేలలేదు. 2019లో సుమారు 4 లక్షల 70 వేల మంది జన్యు వివరాలను పరిశీలించిన ఒక అధ్యయనం, దీనికి ఏదో ఒక్క జన్యువు కారణం కాదనీ, అనేక జన్యువుల స్వల్ప ప్రభావాలూ ఇతర కారణాలూ కలిసి ఉన్నాయనీ తేల్చింది. ఇది వినగానే కొందరు మిత్రులు, “చూశారా, జన్యువు లేదట, కనుక అది మనిషి ఎన్నుకొన్నదే” అన్నారు. ఇది సరియైన తర్కం కాదు. ఎడమచేతి వాటానికి కూడా ఏదో ఒక్క జన్యువు కారణం కాదు. అంతమాత్రాన ఏ శిశువూ ఎడమచేతిని ఎన్నుకొని పుట్టలేదు. మన ఇళ్ళలో ఎడమచేతితో అన్నం తినరాదని పిల్లలకు నేర్పుతాము, తినకుండా చూస్తాము. ఆ వాటం కలిగినందుకు పిల్లవానిని ఇంటి నుండి వెళ్ళగొట్టము. ఒకప్పుడు బడిలో పంతుళ్ళు వారి వ్రేళ్ళపై బెత్తంతో కొట్టేవారు. దానివల్ల వాటం మారలేదు. పిల్లలు బడిని ద్వేషించారు.

కొందరు పెద్దలు మమ్మల్ని అడిగిన ప్రశ్న ఒకటున్నది: “భావానికి దోషం లేదని మీరు వ్రాస్తే యువకులు చెడిపోరా?” పెళ్ళికాని ప్రతి యువకునికీ కోరికలు కలుగుతాయి. వారందరినీ వ్యభిచారులని పిలవడం లేదు గదా. నిగ్రహాన్ని బోధిస్తున్నాము, ఉపవాసాన్ని బోధిస్తున్నాము. వారి కోరికను గురించి వారిని అవమానించడం లేదు. ఆ మర్యాదనే వీరి విషయంలోనూ పాటించమంటున్నాము. మరొక వైపు నుండి కొందరు, “పుట్టుకతో వచ్చినది గనుక అంతా ధర్మసమ్మతమే అని మీరెందుకు వ్రాయరు?” అని అడగవచ్చు. పుట్టుకతో వచ్చిన కోపం కూడా కొట్టడానికి అనుమతి కాజాలదు. కలిగినది ఎన్నుకొన్నదా, కాదా అన్న ప్రశ్న మనిషిపై నిందను తొలగించగలదు. చేష్టకు సంబంధించిన ధర్మనిర్ణయం దానితోనే ముగియదు. ఆ భారం ఆ మనిషి మోస్తాడు, పండితులతో విచారించుకుంటాడు, తన ప్రభువుకు తానే సమాధానం చెప్పుకుంటాడు.

అయితే మనం ఎన్నుకొనేది ఒకటి నిశ్చయంగా ఉన్నది. అది అతని పట్ల మన ప్రవర్తన. దానిని గురించి మూడు మాటలు చెప్పి ముగిస్తాము.

మొదటిది పెళ్ళి. పెళ్ళితో “సర్దుకుంటుంద”ని చెప్పడం ఒక అమ్మాయి జీవితాన్ని ఔషధంగా వాడడమే. హనఫీ శాస్త్రంలో దాంపత్యానికి అసమర్థుడైన భర్తకు న్యాయాధికారి ఒక సంవత్సరం గడువు ఇస్తాడు. ఆ తరువాత భార్య విడిపోవచ్చు. 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం కూడా ఈ కారణాన్ని గుర్తించింది. దాంపత్యంలో స్త్రీకి హక్కు ఉన్నదని శాస్త్రమూ, చట్టమూ ఇంతగా చెబుతుండగా, తెలిసి తెలిసి ఆమె నుండి నిజం దాచి నికాహ్ చేయడం ఆమె పట్ల మోసం. ఆనాడు వలీమాకు వెళ్ళిన మేము కూడా ఆ మోసంలో భాగస్వాములమే.

రెండవది చికిత్స. మన డెల్టా పల్లెలలో ఇటువంటి పిల్లలను తావీజులకూ, దయ్యం వదిలించేవారి వద్దకూ, కొందరు వైద్యుల వద్దకూ త్రిప్పడం మామూలే. ప్రవృత్తిని మార్చుతామని చెప్పే చికిత్స వైద్యవృత్తికి విరుద్ధమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో రాష్ట్ర వైద్య మండళ్ళకు తెలియజేసింది. అందుకు దారితీసినది 2021లో మద్రాసు హైకోర్టు ఇచ్చిన ఒక ఆదేశం. తల్లిదండ్రులు ఈ సంగతి తెలుసుకోవాలి. డబ్బుపోవడం చిన్న నష్టం. బిడ్డకు తనపై తనకు కలిగే అసహ్యం పెద్ద నష్టం.

మూడవది మన కళాశాల. విద్యార్థులారా! నడకను, గొంతును, స్నేహాన్ని చూసి తోటివానికి మీరు తగిలించే పేర్లు మాకు వినబడుతూనే ఉంటాయి. వాటిలో కొన్ని పాత గ్రంథాల నుండి తెచ్చినవి, కొన్ని సినిమాల నుండి తెచ్చినవి. 1997లోనే మన రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. యు.జి.సి. 2016లో తన నియమాలను సవరించి, లైంగిక ప్రవృత్తి కారణంగా ఒక విద్యార్థిని శారీరకంగా గాని, మానసికంగా గాని బాధించడం కూడా ర్యాగింగేనని చేర్చింది. ఆ పేర్లు ఇకమీదట హాస్యం క్రిందకు రావు. పేర్లతో ఎగతాళి చేయడాన్ని ఖుర్‌ఆన్ సైతం అల్ హుజురాత్ సూరాలో నిషేధించింది. దానికి చట్టం వచ్చేవరకు ఆగవలసిన పని కూడా లేదు.

కమిటీ పెద్దలకు మా మనవి: ర్యాగింగ్ నిషేధాన్ని గురించి ప్రతి సంవత్సరం జూనులో నోటీసు బోర్డుపై పెట్టే ప్రకటనలో ఈ 2016 సవరణను కూడా తెలుగులోనూ, ఉర్దూలోనూ చేర్చండి. ఒక విద్యార్థి వచ్చి తన మనస్సు చెప్పుకొంటే, ఆ మాట అతని అనుమతి లేకుండా ఇంటికి చేరవేయరాదని అధ్యాపకులకు చెప్పండి. అల్పసంఖ్యాకుల విద్యాసంస్థ అంటే ఏమిటో మనకు తెలుసు. ఎక్కువమంది మధ్య తక్కువమందిగా ఉండడం, ఎన్నుకోని పుట్టుకకు సంజాయిషీ చెప్పుకోవలసి రావడం మనకు క్రొత్త కాదు. మనలో మరింత తక్కువమందిగా ఉన్నవారి బాధను గుర్తించడానికి ఆ అనుభవం చాలు.

ఆ యువకుడు నేడు ఎక్కడ ఉన్నాడో మాకు తెలియదు. అతడు మళ్ళీ ఆ వరండాలో నిలిచి అదే ప్రశ్న అడిగితే మేము ఇలా చెబుతాము: “బాబూ, నీకు కలిగినదానిని గురించి నిన్ను ఎవరూ నిలదీయడానికి లేదు. నీవు చేసేదానిని గురించి నీవు ఆలోచించుకో. ఆలోచించడానికి నీకు తోడు కావాలంటే మేమున్నాము. తొందరపడి ఎవరి మెడలోనూ నల్లపూసలు వేయవద్దు. నమాజు మానవద్దు. ఇల్లు విడిచి పోవద్దు. మీ అమ్మకు ఎలా చెప్పాలో ఇద్దరం కలిసి ఆలోచిద్దాం.” ఆనాడు ఈ నాలుగు మాటలు చెప్పడానికి మాకు విద్య ఉన్నది, ధైర్యం లేకపోయింది. ఈ సంచిక చదివే పిల్లలలో ఎవరి మనస్సులోనైనా ఆ ప్రశ్న ఉంటే, సమాధానం కోసం వారు ఊరు విడిచి వెళ్ళవలసిన అవసరం రాకూడదని అల్లాహ్‌ను వేడుకొంటున్నాము. ఆమీన్.